నీ పేరు నేను పలకను

రాతి పనిశాల వెనక ఇల్లు
వానలు మొదలైన వారం

తమ్ముడూ,

నేను బాగానే ఉన్నాను. నువ్వు బాగున్నావా అని అడగను. పేపర్లో నీ ఫొటో చూపించారు, నిక్షేపంగా ఉన్నావు. రాస్తున్నది నా కోడలు. నాకు అక్షరం ముక్క రాదని నీకు తెలిసిందే. చెప్పింది చెప్పినట్టు రాయమన్నాను. ఒక్క మాట మెత్తబరిచినా పెన్నుతో సహా బయటికి గెంటుతానన్నాను. (నిజంగానే అన్నారు. — కోడలు)

సంగతి ఇది. కూడలిలో ఉన్న యుద్ధస్మారకం రాయిని ఒక లారీ వెనక్కి వస్తూ గుద్దేసింది. రాయి నిలువునా చీలింది. కొత్త రాయి మా పనిశాలలోనే తయారవుతోంది. చెక్కేది నా మనవడు. ఆ యుద్ధానికి ఈ ఊరి నుంచి పోయి తిరిగిరాని వాళ్ళందరి పేర్లూ దాని మీదికి ఎక్కుతున్నాయి. అన్నిటి కంటే పైన, పెద్ద అక్షరాలతో నీ పేరు వేయాలట. ‘మా తమ్ముడు చావలేదు కదయ్యా’ అన్నాను. ‘గెలిపించిన జనరల్ గారమ్మా’ అన్నాడు కమిటీ సెక్రటరీ. రాయి నిలబెట్టే రోజు ముసుగు తీయడానికి కూడా నిన్నే పిలుస్తారట.

మన చిన్నోడి పేరు లేదు.

పాత రాయి మీద కూడా లేదు. అది నిలబెట్టినప్పుడు ఎవరి కాళ్ళు పట్టుకున్నా నా మాట వినలేదు. ఇప్పుడు రాయి నా వాకిట్లో ఉంది. సెక్రటరీని కూర్చోబెట్టి అడిగాను. ‘పారిపోయినందుకు కాల్చేశారని రికార్డులో ఉందమ్మా, అలాంటి వాళ్ళ పేర్లు వేయకూడదు’ అన్నాడు. ‘మరి ఎలా వేస్తారు?’ అన్నాను. ‘ఆ రికార్డు మీద సంతకం పెట్టిన ఆఫీసరే అది తప్పని రాసివ్వాలి’ అన్నాడు. ‘ఆ ఆఫీసరు ఎవరు నాయనా?’ అన్నాను, ఏమీ ఎరగనట్టు. వాడు తన చెప్పులకేసి చూసుకున్నాడు. పాపం, వాడి నోటితో చెప్పించడం ఎందుకులే అని నేనే చెప్పాను. మా తమ్ముడే అని.

అమ్మ పురిట్లో పోతే వాణ్ణి నా కొడుకుతో పాటు నా పాలిచ్చి పెంచాను. వాడికి ఉరిమితే భయం. అది ఒప్పుకుంటాను. కానీ చెప్పకుండా గడప దాటినవాడు కాదు. చెరువు గట్టుకు పోవాలన్నా ‘అక్కా, వెళ్ళనా?’ అని అడిగేవాడు. వాడు పారిపోలేదు. నాకు కావలసింది ఒక్క ముక్క. ‘వాడు పారిపోలేదు’ అని కమిటీకి రాసివ్వు.

ఇవ్వకపోతే ఏం చేస్తావంటావా? మా పనిశాల పద్ధతి నీకు గుర్తుండే ఉంటుంది. మా మామగారు పెట్టింది. మేం కాగితం చూసి పేరు చెక్కం. ఆ మనిషికి కావలసినవాళ్ళు వచ్చి, రాయికి ఎదురుగా నిలబడి, పేరు పైకి పలకాలి. పలికాకే ఉలి పెడతాం. చదువు రానివాళ్ళ చెయ్యి పట్టుకుని, చెక్కబోయే చోట వేలు పెట్టిస్తాం. తమవాడు ఎక్కడున్నాడో వాళ్ళకు తెలియాలి కదా. నీ భార్య పోయింది, నీకు పిల్లలు లేరు. నీ పేరు పలకాల్సిన మనిషిని నేనొక్కదాన్నే.

నీ పేరు నేను పలకను. పై వరస బోడిగా ఉంది. సెక్రటరీ రోజూ వచ్చి చూసి, తల గోక్కుని పోతున్నాడు.

నీ అక్క

*

కొండ మీది బంగళా
అదే నెల చివర

అక్కకు నమస్కారాలు.

నీ ఉత్తరం అందింది. ఇక్కడ వర్షాలు ఎక్కువగా ఉన్నాయి. మోకాళ్ళ నొప్పుల వల్ల ఉదయపు నడక తగ్గించాను. గులాబీలకు చీడ పట్టింది. తక్కిన విషయాలలో ఆరోగ్యం సంతృప్తికరంగానే ఉంది.

నువ్వు ప్రస్తావించిన విషయం గురించి. యుద్ధకాలపు రికార్డులు సైన్యానికి చెందినవి. ఆనాటి పరిస్థితులలో, ఆనాటి నిబంధనల ప్రకారం తీసుకున్న నిర్ణయాలను నలభై ఏళ్ళ తరువాత ఒక వ్యక్తి ఉత్తరంతో మార్చడం కుదరదు. ఇది నీ మనసుకు కష్టం కలిగిస్తుందని నాకు తెలుసు. నాకూ సులభం కాదు.

రాయి మీద నా పేరు ఉండాలన్న కోరిక నాకేమీ లేదు. అయినా సెక్రటరీ గారు మర్యాదస్తులు. వారిని ఇబ్బంది పెట్టవద్దని మనవి.

నా ఆత్మకథ కొత్త ముద్రణ వచ్చింది. ఒక ప్రతి పంపుతున్నాను. మొదటి అధ్యాయంలో నాన్న నాకు ఈ పేరు ఎందుకు పెట్టాడో రాశాను. కోడలు చేత చదివించుకో. నీకు నచ్చుతుంది.

నీ తమ్ముడు

*

రాతి పనిశాల వెనక ఇల్లు
వాన వెలిసిన మర్నాడు

తమ్ముడూ,

నేను కొడుకు గురించి అడిగితే నువ్వు గులాబీల చీడ గురించి రాశావు. ఔను, నాకు వాడు కొడుకే. తమ్ముడని లోకం కోసం అంటాను.

నీ పుస్తకం చదివించుకున్నాను. చదువుతుంటే కోడలికి ఆవులింతలొచ్చాయి. (నేను ఆవులించలేదు మావయ్య గారూ. — కోడలు) ఆవులించింది. నాకు మాత్రం నిద్ర రాలేదు, నవ్వొచ్చింది. ‘కొద్దిమంది సైనికులతో మహాసేనను ఓడించిన యోధుడి పేరును పరిశుద్ధ గ్రంథం నుంచి ఏరి, నా కొడుకు సేనాధిపతి కావాలని నాన్న నాకు పెట్టాడు’ అని రాశావు. ఎంత బాగా రాశావు! అప్పుడే పుట్టి ఉయ్యాల్లో పడుకుని అంతా విన్నవాడిలాగా.

నువ్వు పుట్టినప్పుడు నాకు ఏడేళ్ళు. నాన్న పనిచేసే పిండిమరలో సమ్మె నడుస్తోంది. సమ్మె చేసినవాళ్ళను పట్టుకోవడానికి పోలీసులు ఇల్లిల్లూ గాలిస్తున్నారు. నాన్న ఎక్కడ దాక్కున్నాడో ఇంట్లో వాళ్ళకు తెలుసు. కొడుకు పుట్టాడని చెప్పి రమ్మని నన్ను పంపారు, పిల్లని ఎవరూ అనుమానించరని. మర వెనక గదిలో, బస్తాల సందున ఉన్నాడు. ఒళ్ళంతా పిండి. కళ్ళు మాత్రం నల్లగా కనిపిస్తున్నాయి. నేను జడుసుకుని ఏడవబోతే నా నోరు మూశాడు. చెప్పాను. ఆ పిండి మొహంలో నవ్వు చూడాలి నువ్వు!

‘గ్రంథంలో ఒకడున్నాడమ్మా’ అన్నాడు. ‘శత్రువులకు భయపడి గానుగ చాటున దాక్కుని గోధుమ కంకులు దుళ్ళగొట్టి గింజలు రాల్చుకునేవాడు. దేవుడి దూత వచ్చి, అలా దాక్కున్నవాణ్ణే బలాఢ్యుడా అని పిలిచాడు. నేనూ గోధుమల మధ్యే దాక్కున్నాను కదా. వీడికి వాడి పేరు పెడదాం’ అన్నాడు.

అదీ నీ పేరు. యుద్ధం గెలిచినందుకు పెట్టింది కాదు. భయపడి దాక్కున్నవాణ్ణి దేవుడు తీసిపారెయ్యనందుకు పెట్టింది.

ఇంకొకటి. నాకు చదువు రాదు కానీ చెవులున్నాయి. నాన్న ఆ అధ్యాయం ఎన్నిసార్లు చదివాడు! నీ పేరుగలవాడు యుద్ధానికి ముందు ఏం చాటించాడు? భయమేసేవాళ్ళు, వణుకు పుట్టేవాళ్ళు ఇళ్ళకు వెళ్ళిపోవచ్చని చాటించాడా లేదా? సగానికి పైగా వెళ్ళిపోయారు. వాళ్ళలో ఒక్కణ్ణయినా చెట్టుకు కట్టి కాల్పించాడా? మిగిలినవాళ్ళతోనే గెలిచాడు. ఆ పేరు పెట్టుకుని నువ్వు చేసిందేమిటి?

‘నిబంధనలు’ అని రాశావు. కోడలు రెండుసార్లు చదివింది, నాకు వినపడలేదేమోనని. వినపడింది. ఆ మాట వాడి అక్కతో అనడానికి నీకు నోరెలా వచ్చిందో అది వినపడలేదు.

మొన్న సెక్రటరీ తెలివి చూపించాడు. ‘అమ్మా, జనరల్ గారి పేరు మీరు పలకక్కర్లేదు, నేను పలుకుతాను’ అన్నాడు. నా మనవడు ఉలి కింద పెట్టాడు. ‘మీరు ఆయనకి ఏమవుతారండీ?’ అన్నాడు. ‘అభిమానిని’ అన్నాడు సెక్రటరీ. ‘అభిమానులు పలికితే సినిమా పోస్టర్లు అంటిస్తారండీ, రాళ్ళు చెక్కరు’ అన్నాడు మనవడు. నా మనవడు అనిపించుకున్నాడు.

మళ్ళీ అడుగుతున్నాను. వాడు పారిపోయాడా?

నీ అక్క

*

కొండ మీది బంగళా
చలికాలం మొదలు

అక్కా,

నాలుగుసార్లు రాసి చించేశాను. ఇది కూడా చించేస్తానేమో.

వాడు పారిపోలేదు.

వంతెన దగ్గర మేం ఇరుక్కుపోయిన మూడో రోజు. మిట్టమధ్యాహ్నం. గుడారంలో మ్యాపు పరుచుకుని ఆఫీసర్లం మాట్లాడుకుంటున్నాం. తెర ఎత్తుకుని చిన్నోడు లోపలికి వచ్చాడు. కందకంలో ఉండాల్సినవాడు. మోకాళ్ళ దాకా బురద. సెల్యూట్ చేయబోయి, చెయ్యి ఎత్తి, మధ్యలో మర్చిపోయాడు. అందరి ముందు నన్ను ‘అన్నయ్యా’ అన్నాడు.

‘నాన్న చదివేవాడే అన్నయ్యా, భయమేసేవాళ్ళు వెళ్ళిపోవచ్చని. నాకు భయమేస్తోంది. నువ్వు వెళ్ళమంటే వెళ్తాను. వద్దంటే ఉంటాను.’

ఇంతే అన్నాడు. ఇందులో ఒక్క మాట నేను కలపలేదు, తీయలేదు.

ఆ పొద్దునే ఇంకొకడి కాగితం మీద సంతకం పెట్టాను. మన ఊరివాడే, వడ్రంగి కొడుకు. వాడు నిజంగానే కందకం వదిలి వెనక్కి పరుగెత్తాడు. ఆ సిరా అప్పటికింకా నా వేలికి ఉంది. చుట్టూ ఉన్న ఆఫీసర్లందరూ నన్నే చూశారు. పరాయివాడికి ఒక న్యాయం, సొంత తమ్ముడికి ఇంకో న్యాయమా అని ఆ చూపు. నేను అప్పటికింకా జనరల్‌ని కాను. అవుతానో లేదో ఆ వంతెన దగ్గర తేలాలి.

‘ఇది గ్రంథం కాదు’ అన్నాను. వాణ్ణి పట్టుకోమన్నాను. ఉత్తర్వు లేకుండా స్థానం వదిలాడు, అంతవరకు నిజం. కానీ రికార్డులో ‘శత్రువు ఎదుట స్థానం వదిలి పారిపోయాడు’ అని రాశారు. పారిపోయేవాడు ఇంటి వైపు పోతాడు. వాడు నా దగ్గరికి వచ్చాడు. ఆ సంగతి రాయవద్దని గుమాస్తాకు చెప్పింది నేనే.

‘వద్దు, వెళ్ళి నీ చోట ఉండు’ అని ఉంటే సరిపోయేది. వెళ్ళి ఉండేవాడు. నాకు భయమేసింది అక్కా. ఆ గుడారంలో అందరి కంటే ఎక్కువ భయపడింది నేను.

తరువాత వంతెన గెలిచాం. పేపర్లు నా పేరు పట్టుకుని ఆ గ్రంథంలోని కథ రాశాయి. చదువుకోగా చదువుకోగా నేనూ అదే నమ్మాను. నాన్న పిండిబస్తాల సంగతి నాకు తెలియదనుకోకు. చిన్నప్పుడు నువ్వే ఎన్నిసార్లో చెప్పావు. పుస్తకంలో రాయడానికి సిగ్గేసింది.

కమిటీకి రాయమంటావా? రాస్తే ఇదంతా బయటికి వస్తుంది. నువ్వు ఎలా చెబితే అలా చేస్తాను.

తమ్ముడు

*

రాతి పనిశాల వెనక ఇల్లు

మావయ్య గారికి,

నేను కోడలిని. ఇది అత్తయ్య చెప్పిన ఉత్తరం కాదు. మీకు రాస్తున్నట్టు ఆవిడకు తెలియదు.

మీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. చదివి వినిపించాను. ‘వద్దంటే ఉంటాను’ అన్న దగ్గర చెయ్యి ఎత్తి ఆపారు. మళ్ళీ చదవమన్నారు. మళ్ళీ చదివాను. ఇంకోసారి అన్నారు. తరువాత మిగతాదంతా విన్నారు. తిడతారనుకున్నాను. నన్నయినా తిడతారనుకున్నాను.

అప్పటినుంచి పొద్దున లేవగానే పనిశాలలోకి వెళ్ళి ఆ రాయి పక్కన కూర్చుంటున్నారు. మెరుగు పెట్టే గుడ్డ తీసుకుని పై వరసను రుద్దుతున్నారు. ‘నానమ్మా, అది ఎప్పుడో మెరుగయింది’ అని మా అబ్బాయి అంటే, ‘నీ పని నువ్వు చూసుకో’ అంటారు. కూర తగలేసినా నన్ను ఏమీ అనడం లేదు. అందుకే భయమేసి రాస్తున్నాను.

మీరేమీ తొందరపడి రాయకండి. ఆవిడే చెబుతారు.

కోడలు

*

రాతి పనిశాల వెనక ఇల్లు

తమ్ముడూ,

రాయాలా వద్దా అని నన్ను అడుగుతావేం? ఆవేళ వాడు నిన్ను అడిగాడు, ఇప్పుడు నువ్వు నన్ను అడుగుతున్నావు. నేను నీలాగా చెయ్యను. జవాబు చెబుతాను.

రాసివ్వు. వడ్రంగి కొడుకు గురించి కూడా రాయి. వాళ్ళమ్మ బతికున్నన్నాళ్ళూ మా వీధిలో తల దించుకునే నడిచింది.

ఇంకేమీ చెప్పలేను.

అక్క

*

కొండ మీది బంగళా
చలి తగ్గుతున్న రోజులు

అక్కా,

కమిటీకి రాశాను. ఇద్దరి గురించీ రాశాను. వడ్రంగి కొడుకు పరుగెత్తిన మాట నిజమే, కానీ వాడు అప్పటికి మూడు రోజులుగా నిద్రలేకుండా, నాకంటే నది ఒడ్డుకు దగ్గరగా ఉన్నాడని, ఆ కాగితం మీద నేను సంతకం పెట్టడం తప్పని రాశాను. అది రాస్తుంటే, అప్పుడే ఎందుకు రాయలేదా అనిపించింది. నాలుగు వాక్యాలే కదా.

ఎవరో పేపర్లకు ఇచ్చారు. నువ్వు చూసే ఉంటావు. ఫోన్ మోగుతోంది. మొదట్లో ఎత్తేవాణ్ణి. కొందరు తిట్టారు. ఒకాయన మాత్రం తిట్టలేదు. నా రెజిమెంటువాడేనట. ‘సార్, వాళ్ళిద్దర్నీ కాల్చిన పొద్దున తుపాకీ పట్టినవాళ్ళలో నేనొకణ్ణి. ఇన్నేళ్ళూ పారిపోయినవాళ్ళనే కాల్చామనుకున్నాను’ అని పెట్టేశాడు. ఆ తరువాత ఫోన్ ఎత్తడం మానేశాను.

ముసుగు తీయడానికి రావద్దని కమిటీ మర్యాదగా రాసింది. సరే అన్నాను. పాత మిత్రులు పలకరించడం లేదు. నిజం దాచినందుకు కొందరు, చెప్పినందుకు కొందరు. మొన్న మందుల షాపులో చీటీ మీద రాయడానికి పేరు అడిగాడు కుర్రాడు. తెలియక అడిగాడు. ఏం చెప్పాలో తోచక మందులు తీసుకోకుండానే వచ్చేశాను.

ఇదంతా ఫిర్యాదు కాదు. చెప్పుకోవడానికి ఇంకెవరూ లేక.

రాయి నిలబెట్టాక చిన్నోడి పేరు ఎన్నో వరసలో ఉందో కోడలు చేత రాయించు.

తమ్ముడు

*

రాతి పనిశాల వెనక ఇల్లు
రాయి నిలబెట్టిన మర్నాడు

తమ్ముడూ,

కింది నుంచి నాలుగో వరస. ఎడమ పక్క. వడ్రంగి కొడుకు పక్కనే.

పేర్లు చెక్కిన రోజు మొదట ఆ పిల్లాడి చెల్లెలు వచ్చింది. పిల్ల ఏమిటిలే, దానికీ జుట్టు నెరిసింది. రాయికి ఎదురుగా నిలబడి అన్న పేరు పలకమంటే నాకేసి తిరిగింది. ‘ఎన్నేళ్ళయిందో పిన్నీ ఈ పేరు పైకి అని, అలవాటు తప్పింది’ అంది. నేను దాని వీపు మీద చెయ్యి వేశాను. పలికింది. తరువాత నేను పలికాను, మన చిన్నోడి పేరు. నా మనవడు నా వేలు పట్టుకుని రాయి మీద పెట్టాడు, ‘ఇక్కడ నానమ్మా’ అని. చల్లగా ఉంది. ఉలి మొదటి దెబ్బ పడేదాకా వేలు తీయలేదు. వాడు నన్ను కసిరాడు, వేలు తెగుతుందని.

ఇంక చెప్పాల్సింది చెబుతాను. కోడలా, కళ్ళు తుడుచుకుని రాయి, కాగితం తడుస్తోంది. (తడిసింది అత్తయ్య వల్లే. — కోడలు)

చిన్నోడి పేరు అయ్యాక నేను అక్కడినుంచి కదల్లేదు. పై వరసకేసి చూశాను. ఎన్నాళ్ళుగానో రుద్దుతున్నానేమో, అందులో నా మొహం కనిపిస్తోంది. నీ పేరు పలికాను. ఎవరూ అడగలేదు, నేనే పలికాను. నాన్న పెట్టినట్టు, పూర్తిగా, గట్టిగా పలికాను.

మనవడు ఉలి ఎత్తలేదు.

సెక్రటరీ దగ్గరికి వచ్చాడు. ‘అమ్మా, కమిటీ తీర్మానం చేసింది. జనరల్ గారి పేరు తీసేశాం’ అన్నాడు. ‘పైన ఏమీ లేకుండా వదిలేయమన్నారు.’

‘నేను ఒక పేరు ఎక్కించమన్నాను’ అన్నాను. ‘ఇంకో పేరు దించమని ఎవరు చెప్పారు నీకు?’

‘మీరే కదమ్మా ఇన్నాళ్ళూ పలకనన్నారు’ అన్నాడు.

వాడు తప్పేమీ అనలేదు. నేను వానాకాలంలోనే పలికి ఉంటే, ఈపాటికి ఆ అక్షరాలు వేలెడు లోతున పడి ఉండేవి. ఏ కమిటీ వచ్చినా మాన్పలేకపోయేది. కానీ అప్పుడు పలికి ఉంటే చిన్నోడి సంగతి నువ్వు ఎప్పటికీ చెప్పేవాడివి కాదు. ఏది ముందు చేయాల్సిందో ఇప్పటికీ నాకు తెలియడం లేదు. నాకు ఉన్నది ఇద్దరు తమ్ముళ్ళు. ఒకడు రాయి మీదికి రావాలంటే ఇంకొకడు దిగిపోవాలని నా నొసట రాసి ఉంది కాబోలు.

నీ మీద కోపం పోయిందా అంటే పోలేదు. వాడు ‘వద్దంటే ఉంటాను’ అన్నాడు. ఆ మాట నా చెవిలోంచి పోదు. నేను చచ్చేదాకా నిన్ను తిడుతూనే ఉంటాను. కానీ తిట్టాలన్నా మనిషి ఎదురుగా ఉండాలి. ఉత్తరాల్లో తిట్టి తిట్టి కోడలి చెయ్యి పడిపోతోంది.

ఆ బంగళాలో ఒక్కడివే ఫోన్ మోగుతుంటే వింటూ కూర్చోకు. ఇక్కడికి వచ్చెయ్. ముందు గదిలో రాతి దుమ్ము ఉంటుంది, దగ్గొస్తుంది. వెనక గది ఖాళీ చేయించాను. మెత్తటి మంచం లేదు. మోకాళ్ళకు రాసుకునే నూనె నా దగ్గర ఉంది. వీధిలో నిన్ను చూసి మొహం తిప్పుకునేవాళ్ళు ఉంటారు. వడ్రంగి ఇంటి ముందు నుంచే రోజూ నడవాలి. నడుద్దువుగాని. నేను పక్కన ఉంటాను.

రైలు ఎప్పుడో రాయి. స్టేషనుకు నేనే వస్తాను. నాకు చూపు సరిగా ఆనదు, గుంపులో నిన్ను పోల్చుకోలేను. దిగి అక్కడే నిలబడు. ఎవరినీ దారి అడగొద్దు, ఎవరికీ నీ పేరు చెప్పొద్దు. నేనే పిలుస్తాను, ప్లాట్‌ఫారం అంతా వినబడేలా. పలుకు.

అక్క